క్రియ తోక పట్టుకుంటే...

‘తథాస్తు’లోని ‘అస్తు’, ‘ఆస్తికుడు’లోని ‘అస్తి’, ‘ఇతిహాసం’లోని ‘ఆస’ మూడూ సంస్కృతంలో ‘ఉండు’ అనే అర్థమున్న ‘అస్’ ధాతువుకు పుట్టిన క్రియలే. ఇతి-హ-ఆస అంటే ‘ఇలా జరిగిందట’. రామాయణ భారతాలకు ఇంతకన్నా నిజాయితీ గల పేరు దొరకదు.

ధాతువు చివర చేరి ఎవరు, ఎందరు అని చెప్పే ప్రత్యయాలు సంస్కృత వ్యాకర్త పాణిని లెక్కలో 18. ‘తిప్’తో మొదలై ‘మహిఙ్’తో ముగుస్తాయి కాబట్టి ఆ మొదలూ చివరా కలిపి ‘తిఙ్’ అన్నాడు. వాటిలో 9 పరస్మైపదం, 9 ఆత్మనేపదం. ఋత్విక్కు మరొకరి కోసం యాగం చేస్తే ‘యజతి’. ఫలం తనకే అయితే ‘యజతే’. ఆ రెండో కోవలోని ‘యజమాన’ శబ్దమే మన యజమాని. అద్దె వసూలు కూడా ఆత్మనేపదమే మరి!

‘భరతి’ అంటే మోస్తాడు, ‘అభరత్’ అంటే మోశాడు. రెండోదాంట్లో చివరి ‘ఇ’ ఏమైంది? లోపించిందంటుంది పాణిని సూత్రం. భాషాచరిత్రకారులు దీన్ని తిరగేసి చెబుతారు: అసలు ప్రత్యయం ‘త్’ మాత్రమే, వర్తమానాన్ని సూచించే ‘ఇ’ తర్వాత వచ్చి అతుక్కుంది. మి, సి, తి మూడింటిదీ ఇదే కథ. నిజానికి ఇందులో తగాదా ఏమీ లేదు. సూత్రం పని రూపం సాధించడం, పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం కాదు. మన ‘అస్తి’ గ్రీకులో ‘ఎస్తి’. ఇలాంటి పోలికలతోనే జర్మన్ పండితుడు ఫ్రాంజ్ బాప్ 1816లో ఒక పుస్తకం వేశాడు. ఈ ప్రత్యయాలు ఒకప్పటి సర్వనామాలేనని ఆయన వాదం. అందరూ ఒప్పుకున్నది మాత్రం కాదు.

ధాతువు నుంచి కొత్త ధాతువును పుట్టించే ప్రత్యయాలు వేరు. ‘సన్’ (రూపంలో మిగిలేది ‘స’) చేరితే కోరిక. ‘పా’ అంటే తాగడం. మొదటి అక్షరం రెట్టించి ‘స’ చేరిస్తే పిపాస, దాహం. తెలుసుకోవాలనుకుంటే జిజ్ఞాస, వినాలనుకుంటే శుశ్రూష. గురువు మాట వినాలంటే కాళ్లు పట్టక తప్పదు గనుక అది సేవ అయింది. చికిత్స, జుగుప్స, మీమాంస, బీభత్సం కూడా సన్ సంతానమే, కానీ వాటిలో కోరిక వాసనే ఉండదు.

తెలుగు ధాతువులను తెచ్చుకుంది గానీ తిఙ్‌ను గుమ్మం బయటే ఆపేసింది. ‘జయతి’ వదిలి ‘జయించు’, ‘స్మరతి’ వదిలి ‘స్మరించు’ చేసుకుంది.

అన్నట్టు, ‘భవతి భిక్షాం దేహి’లో ‘భవతి’ని చూసి క్రియ అనుకునేరు. అది ‘అమ్మా’ అన్న పిలుపు. క్రియ ‘దేహి’ ఒక్కటే.