ఆలుగడ్డ ఆకు వెనుక

తెలంగాణములో ఆలుగడ్డ, కోస్తా జిల్లాలలో బంగాళాదుంప, రాయలసీమలో ఉర్లగడ్డ, ఉర్దూలో ఆలూ. పేరేదైనను దుంప ఒక్కటే. జహీరాబాదు ప్రాంతపు రైతులు చలికాలములో దీనిని విరివిగా పండింతురు. పట్టణములలో సైతము కాస్త పెరడు ఉన్నవారు కార్తీకములో నాలుగు బోదెలు వేసికొని, మూడు నెలలకు దుంపలు త్రవ్వుకొనుట కలదు. మేమును అట్టివారిలో ఒకరము.

అయితే పొలము వేరు, పెరడు వేరు. పెరటిలో ఆలుగడ్డకు జానెడు దూరములో కొత్తిమీర, పుదీన ఉండును. అక్కడనే పిల్లలు ఆడుకొందురు, బట్టలు ఆరవేయుదురు. చీడ కనిపించిన వెంటనే మందు చల్లుట అక్కడ తగని పని. ఈ సంగతి మేము గ్రంథములలో చదివి నేర్చినది కాదు.

మొదటి ఏడు మా మొక్కలపై చుక్కలు గల చిన్న పెంకుపురుగులు కనిపించినవి. ఆకులు జల్లెడవలె తూట్లు పడుచుండెను. అంగడివాడు ఇచ్చిన మందును కలిపి, ఆకులు తడిసి కారునట్లు చల్లితిమి. మరునాడు పురుగులన్నియు నేలరాలినవి. మేము సంతోషించితిమి. పది దినములు గడవకముందే లేత కొమ్మలనిండ పేనుబంక పట్టినది. చచ్చిన పురుగులలో సగము మా మొక్కకు మిత్రులని, పేనుబంకను తిని బ్రతుకునవి అవియేనని అప్పుడు గాని తెలియలేదు.

ఈ పొరపాటుకు భాష కూడ కొంత కారణము. మన రైతులు రెండు జాతుల పురుగులను అక్షింతల పురుగు అనియే పిలుతురు. గుండ్రని వీపు, దానిపై చుక్కలు. చూపునకు రెండును అక్కచెల్లెండ్రవలె ఉండును. కాని ఒకటి ఆకును తినును, రెండవది ఆకును తిను పురుగును తినును. శత్రువు వీపు రాగిరంగులో, నూగుతో మసకగా ఉండును. సాధారణముగా దానిపై 28 నల్లచుక్కలు ఉండును. మిత్రుని వీపు నునుపుగా, నూనె రాచినట్లు మెరయును. చుక్కలు కొలదిగా ఉండును, లేదా అలలవంటి నల్లగీతలు ఉండును. పిల్లపురుగులలో ఈ భేదము మరింత స్పష్టము. శత్రువు పిల్ల పసుపుపచ్చగా, ఒంటినిండ ముళ్ళతో, కదలక మెదలక ఒకేచోట ఆకును గీకుచుండును. మిత్రుని పిల్ల సన్నగా, నల్లగా, నారింజరంగు మచ్చలతో చురుకుగా పరుగులు తీయును. పాపము, దాని రూపము చూచి మనుష్యులు మొదట దానినే నలిపివేయుదురు.

గ్రుడ్ల విషయము కొంత చిక్కైనది. రెండును ఆకు అడుగున పసుపుపచ్చని గ్రుడ్లను గుంపుగా, నిలువుగా పెట్టును. దగ్గరలో పేనుబంక ఉన్న యెడల అవి మిత్రునివి కావచ్చును. సందేహము కలిగినచో నాలుగైదు దినములు ఆగి, పిల్లలు వెలువడిన పిమ్మట తీర్పు చెప్పుట మేలు.

శత్రువని తేలిన తరువాత పెరటిలో చేతికి మించిన ఆయుధము లేదు. ప్రొద్దుననే ఆకులను త్రిప్పి చూచుచు, పురుగులను సబ్బునీళ్ళ గిన్నెలోనికి రాల్చవలెను. గ్రుడ్లున్న ఆకును త్రుంచివేయవలెను. ఉద్ధృతి ఎక్కువైన యెడల లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని రాత్రి నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను. ఎండకు వేప గుణము త్వరగా నశించును గనుక ప్రొద్దున చల్లుట వృథా. ఈ పురుగునకు వంకాయ మొక్కయు, కామంచి మొక్కయు పుట్టినిండ్లవంటివి. మేము ఆలుగడ్డను వంగతోట ప్రక్కనే నాటి దానిని విందునకు పిలిచినట్లు చేసితిమి.

విషము ఎల్లకాలము పనిచేయదనుటకు అమెరికాలో ఆలుగడ్డను ధ్వంసము చేయు కొలరాడో పెంకుపురుగే సాక్షి. అది 1950ల నాటికే డి.డి.టి.కి లొంగుట మానినది. అదృష్టవశాత్తు ఆ పురుగు మన దేశములో లేదు.

పేనుబంక రసము పీల్చుటచేత కలుగు నష్టము కంటె అది మోసికొని వచ్చు వైరస్ తెగులుచే కలుగు నష్టము అధికము. ఆకులు ముడుచుకొని మొక్క గిడసబారిన పిమ్మట ఏ మందును పనిచేయదు, పెరికివేయుటయే శరణ్యము. అట్టి మొక్క దుంపను విత్తనమునకు ఉంచరాదు. ఉత్తరదేశపు మైదానములలో విత్తనపు పంట పండించువారు 100 ఆకులకు 20 పేనులు దాటగానే మొక్కల తలలు కోసివేయుదురు. పెరటిలో అంత లెక్క అక్కరలేదు. నీటిని వేగముగా చిమ్మి కడిగిన చాలును. మిగిలినదానిని అక్షింతల పురుగు చూచుకొనును. పసుపురంగు పూసిన రేకుపై ఆముదము రాచి మొక్కలనడుమ నిలిపిన యెడల రెక్కల పేనులు అంటుకొని చచ్చును.

రాత్రివేళ మొక్క మొదలు కొరికివేయు పురుగు ఒకటి కలదు. తెల్లవారి పడిపోయిన మొక్క ప్రక్క మన్నును వ్రేలితో కెలికిన యెడల అది చుట్టచుట్టుకొని కనిపించును.

ఇక దుంపను తొలుచు పురుగు. ఇది 1906లో ఇటలీనుండి వచ్చిన విత్తనపు దుంపలతో మన దేశములో ప్రవేశించినది. దీని తల్లి ఒక చిన్న బూడిదరంగు రెక్కపురుగు. మన్ను పగిలి బయటపడిన దుంపల కన్నులవద్ద గ్రుడ్లు పెట్టును. కావున నెల దాటగానే బోదెకు మన్ను ఎగదోయవలెను, పగుళ్ళు కప్పవలెను. వెలుతురు సోకి పచ్చబడిన దుంప తినుటకు పనికిరాదు గనుక ఈ పనివలన మరియొక లాభమును కలదు. త్రవ్విన దుంపలను రాత్రి ఆరుబయట విడువరాదు. ఇంట నిలువయుంచునపుడు తొలచినవానిని ఏరివేసి, మంచివానిపై ఎండిన వేపాకు దట్టముగా పరచి, వారమున కొకమారు కన్నులవద్ద నల్లని పిట్టు కనిపించుచున్నదేమో చూచుకొనవలెను.