అహార్యం, అచలం: కొండకు పెద్దలు పెట్టిన పేర్లు

ఏ శుభకార్యానికైనా ముందు సంకల్పం చెప్పుకుంటాం. అందులో మనం మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఫలానా దిక్కున ఉన్నామని భగవంతునికి విన్నవించుకుంటాం. ఇల్లందు వాసులకు ఆ దిక్కు ఈశాన్యం. 2016లో ఇల్లందు ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. అయినా సంకల్పంలోని దిక్కు మారలేదు. దానికి ఆనవాలు కొండ కావడమే కారణం. చలించనిది కనుకనే కొండ ‘అచలం’ అయింది.

అమరకోశం పర్వతానికి 13 పేర్లు చెప్పింది. పర్వాలు, అంటే కణుపులు గలది పర్వతం. భూమిని ధరించేది మహీధ్రం. హరింపశక్యం కానిది అహార్యం. వైదిక నిఘంటువు మరొక అడుగు ముందుకు వేసి అద్రి, గిరి, పర్వత శబ్దాలను మేఘనామాలలోనూ చేర్చింది. కొండకూ వానకూ గల బంధాన్ని ఋషులు ఆనాడే గుర్తించారు.

మేరుపుత్రుడైన భద్రుడు శ్రీరాముని గూర్చి తపస్సు చేసి, స్వామిని శిరస్సున నిలుపుకొని కొండగా మారాడని భద్రాచల స్థలపురాణం. తపస్సులో చలించనివాడే అచలమయ్యాడన్నమాట. గీత రెండవ అధ్యాయం ఆత్మను సైతం ‘అచల’ శబ్దంతోనే వర్ణించింది. ఇక కవులకు ఆ ఒక్క కొండే భద్రగిరి, భద్రశైలం, భద్రాద్రి. గిరి రెండు లఘువులు, శైల గురులఘువులు, అచల మూడు లఘువులు. ఛందస్సు ఏది కోరితే ఆ పేరు పలికింది.

సంస్కృతంలో ఇన్ని పేర్లుండగా, మన ఇల్లందుకు జనం పెట్టుకున్న పేరు అచ్చ తెలుగు ‘బొగ్గుట్ట’. 1871లో ఈ ప్రాంతంలో బొగ్గు బయటపడింది. సింగరేణి చరిత్ర ఇక్కడే మొదలైంది. ఆ బొగ్గు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించింది, ఎందరికో అన్నం పెట్టింది. దానిని తప్పుపట్టడం ధర్మం కాదు. కానీ అహార్యమని పెద్దలు పేరు పెట్టిన కొండను నేడు యంత్రాలు హరించగలవు. రాతి కోసం, మట్టి కోసం ఊరూరా గుట్టలు కరిగిపోతున్నాయి. వాన మబ్బు పేరును పంచుకున్న గిరి నేలమట్టమైతే, ఆ పేరు పద్యంలోనే మిగులుతుంది.

అవసరానికి మించి తీసుకోకుండా, మిగిలిన గుట్టపై చెట్టును నిలిపి ఉంచడం కూడా గిరిపూజే. రేపు మన పిల్లలు సంకల్పం చెప్పుకునే వేళ, తలెత్తి చూస్తే కొండ కనిపించాలి. అప్పుడే అచలమన్న మాట సార్థకమవుతుంది.