వార్తల్లో పదం: మానవాభివృద్ధి సూచీ

2025 మొదట్లో గుంటూరు యార్డులో మిర్చి ధర పడిపోతే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు రూ.11,781 ఖరారు చేసింది. ఆ అంకె రైతు రాబడి చెబుతుంది గానీ బతుకు చెప్పదు. కనిగిరి వైపు పంట బాగా పండిన ఏడూ బోరునీళ్లలో ఫ్లోరైడ్ తగ్గదు. పిల్లల పళ్లపై గోధుమరంగు గార పోదు. ఇలాంటి తేడా పట్టుకోవడానికే ఐరాస 1990లో మహబూబ్ ఉల్ హక్ చొరవతో ఈ సూచీ తెచ్చింది. ఆయుర్దాయం, చదువు, తలసరి ఆదాయం కలిపి సున్నా నుంచి ఒకటి లోపు మార్కు వేస్తారు.

2025 నివేదికలో జర్మనీది 5వ స్థానం, అమెరికాది 17, మనది 130. తలసరి ఆదాయంలో అమెరికాదే పైచేయి. అయినా వెనకబడిందేం? ఆదాయం పెరిగేకొద్దీ అదనపు డాలరుకు సూచీలో విలువ తగ్గుతుంది. పైగా అక్కడి ఆయుర్దాయం జర్మనీ కంటే తక్కువ. జీతంతో కూడిన సెలవు ఈ లెక్కలో లేనేలేదు. జర్మనీకి వర్తించే యూరోపియన్ యూనియన్ చట్టం ఏటా కనీసం 4 వారాలిస్తుంది. అమెరికా ఫెడరల్ చట్టం ఒక్కరోజూ ఇవ్వదు.

కొడుకును జర్మనీకి పంపాలా, అమెరికాకు పంపాలా అని ఆలోచించే నరసరావుపేట తండ్రి ఎవరైనా ‘మా అబ్బాయికి మిగిలేది డాలర్లలోనే కదా’ అని అడిగితే కాదనలేం. దేశ సగటు ఏ ఒక్కరి జాతకమూ కాదు. ఆరోగ్యంగా ఉండి, కంపెనీ బీమా ఉన్న పాతికేళ్ల ఇంజనీరుకు అమెరికాయే లాభసాటి. కాకపోతే ఆ బీమా ఉద్యోగంతో ముడిపడింది. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడి కొలువు పోతే కొత్తది వెతుక్కోవడానికి గడువు గరిష్ఠంగా 60 రోజులే.