దగ్గరి ఆసుపత్రి చాలదా?

గుండెపోటు వచ్చిన మనిషిని ఎక్కడికి తీసుకువెళ్ళాలి? అందరికంటె దగ్గరగా ఉన్న వైద్యుడి వద్దకే అంటుంది లోకజ్ఞానం. డెన్మార్కు హృద్రోగ నిపుణులు ఆ లోకజ్ఞానాన్నే పరీక్షకు నిలబెట్టారు. చిన్న ఆసుపత్రికి వచ్చిన రోగులలో సగంమందికి అక్కడే చికిత్స చేసి, మిగిలిన సగాన్ని తిరిగి అంబులెన్సులోకి ఎక్కించి, దూరాన ఉన్న పెద్ద ఆసుపత్రికి పంపారు. ప్రాణాపాయంలో ఉన్నవాణ్ణి రోడ్డు మీద తిప్పడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది!

గుండె కండరానికి రక్తం తెచ్చే ధమనిలో గడ్డ అడ్డుపడితే, అది తొలగేదాకా కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. తొలగించడానికి రెండు దారులున్నాయి. గడ్డను కరిగించే ఇంజెక్షను ఒకటి. దానిని చిన్న ఆసుపత్రిలోనూ ఇవ్వవచ్చు. అయితే అది అందరిలోనూ ఫలించదు, కొందరికి మెదడులో రక్తస్రావం కలిగిస్తుంది. రెండవది యాంజియోప్లాస్టీ. మణికట్టు వద్దనో తొడ వద్దనో ధమనిలోకి సన్నని గొట్టం పోనిచ్చి, దాని కొసనున్న బెలూనును ఉబ్బించి దారి తెరుస్తారు. మెలకువగా ఉన్న రోగికి ఈ చికిత్సను మొదటిసారి చేసినవాడు ఆండ్రియాస్ గ్రుంట్సిగ్. 1977 సెప్టెంబరులో, జ్యూరిక్ నగరంలో.

చెప్పినంత సులువు కాదు చేయడం. రాత్రి రెండు గంటలకు కబురందినా వైద్యుడు, నర్సులు, సాంకేతికుడు క్షణాలమీద సిద్ధం కావాలి. ఏ పదిరోజులకో ఒక రోగి వచ్చేచోట అంతమందిని రాత్రింబవళ్ళు కాపు ఉంచడం ఖర్చుకు ఓపని పని. ఉంచినా చేతికి వాటం రాదు. ఈ ‘చేతివాటం’ సంగతిని 1979లోనే హెరాల్డ్ లఫ్ట్, ఆయన సహచరులు అమెరికాలోని 1,498 ఆసుపత్రుల లెక్కలలో చూపించారు. గుండెను తెరచి చేసే శస్త్రచికిత్సల వంటివాటిని ఏటా 200కు తక్కువ కాకుండా చేసేచోట మరణాలు 25 నుంచి 41 శాతం దాకా తక్కువగా ఉన్నాయి.

ఇక డెన్మార్కు ఫలితాలు 2003లో వెలువడ్డాయి. 24 చిన్న ఆసుపత్రులు, 5 పెద్ద కేంద్రాలు, 1,572 మంది రోగులు. చిన్న ఆసుపత్రిలోనే ఉండి ఇంజెక్షను తీసుకున్నవారిలో, నెల తిరిగేలోగా మరణమో, మరో గుండెపోటో, పక్షవాతమో సంభవించినవారు 14.2 శాతం. ప్రయాణం చేసి వెళ్ళినవారిలో 8.5 శాతమే. లాభంలో పెద్ద వాటా రెండో గుండెపోటు తప్పడం వల్ల వచ్చింది. మరణాలు మాత్రమే లెక్కిస్తే తేడా అంత స్పష్టంగా లేదు. పైగా అక్కడ, తరలించిన రోగులలో నూటికి 96 మంది రెండు గంటలలోపే గమ్యం చేరారు. అసలు కిటుకు అదే.

రెండు గంటలలో చేరలేని పల్లెల మాటేమిటి? తమిళనాడు వైద్యులు ఈ రెండు దారులనూ కలిపివేశారు. పెద్ద కేంద్రానికి దగ్గరగా ఉన్నవారు నేరుగా అక్కడికే వెళ్ళాలి. దూరాన ఉన్నవారికి ముందు చిన్న ఆసుపత్రిలో ఇంజెక్షను ఇచ్చి, ఒక రోజులోగా పెద్ద కేంద్రానికి చేర్చి ధమనిని పరీక్షించాలి. చేరవేసే పనికి 108 అంబులెన్సులు ఉండనే ఉన్నాయి. (2005లో హైదరాబాదులో పుట్టిన సేవ అది.) 2012–2014 మధ్య నాలుగు కేంద్రాల చుట్టూ 2,420 మంది రోగులను గమనించారు. ఈ ఏర్పాటుకు ముందు గుండెపోటు వచ్చిన ఏడాదిలోగా 17.6 శాతం మంది మరణించగా, తరువాత అది 14.2 శాతానికి దిగింది. డెన్మార్కులో వలె చీటీలు వేసి విడదీసిన రోగులు కారు గనుక, ఘనత అంతా ఏర్పాటుదేనని తీర్పు చెప్పడం తొందరపాటు. అయినా నూరు మందిలో ముగ్గురు నలుగురంటే తక్కువేమీ కాదు.

ఒక్కటి మాత్రం మారలేదు. గడ్డను తొలగించే చికిత్స అందడానికి పట్టే కాలం ఆ తరువాత కూడా దాదాపు అంతే ఉండిపోయింది. అంబులెన్సు గడియారం ఫోను మోగిన తరువాతనే మొదలవుతుంది. అంతకుముందు, ఛాతీలో నొప్పిని గ్యాసు అనుకొని, సోడా తాగి, తెల్లవారితే చూద్దామని పడుకున్న గంటలు కొన్ని ఉంటాయి.