పాట ఊరు మారితే

ఏమర్రా, కంప్యూటర్లో పాటలు రికార్డు చేస్తారు కదా, అసలా పాట అందులో ఎక్కడుంటుందో చూశారా? ప్రాజెక్టు ఫైల్లో ఉంటుందనుకుంటారు చాలామంది. చాలా సాఫ్ట్‌వేర్లలో అందులో గొంతూ ఉండదు, వీణా ఉండదు. పెళ్ళికి పురోహితుడు రాసిచ్చే సామాన్ల చిట్టా లాంటిదది. ఫలానా ఫోల్డర్లో ఫలానా ఫైలు, పన్నెండో సెకను దగ్గర మొదలు, వాల్యూమ్ ఇంత. నమ్మకపోతే రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ప్రాజెక్టుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. ట్రాక్ పేర్లూ సెకన్లూ ఉత్తరం చదివినట్టు చదివేయొచ్చు. ఆ చిట్టా ఒక్కటీ హైదరాబాదు నుంచి చెన్నైకి మెయిల్ చేసి, పాట వినపడలేదంటే తప్పెవరిది?

అసలు బరువంతా ధ్వనిది. సెకనుకి 48,000 శాంపిళ్ళు (ధ్వని కొలతలు), ఒక్కోటి 24 బిట్లు, అంటే మూడు బైట్లు. ఒక్క ట్రాకుకే నిమిషానికి 86 లక్షల బైట్లు దాటుతుంది. అయిదు నిమిషాల పాట, నలభై ట్రాకులు, లెక్క మీరే వేయండి, 1.7 జీబీ తేలుతుంది.

ఈ శాంపిళ్ళ దగ్గరే ఓ తమాషా ఉంది. సెకనుకి 44,100 చొప్పున రికార్డు చేసిన ఫైలుని 48,000 అనుకుని వాయించేస్తే పాట పరుగెడుతుంది, శ్రుతీ పైకి లేస్తుంది. ఒకటి శ్రుతిలో పాడినాయన ఒకటిన్నరకీ రెండుకీ నడుమ ఎక్కడో తేలతాడు. హార్మోనియం మీద ఆ మెట్టే లేదు! మంచి సాఫ్ట్‌వేర్ తనే సర్దుకుంటుందనుకోండి.

మిడీ సంగతి ఇంకా చిత్రం. 1983లో వచ్చిన ఈ పద్ధతిలో ధ్వని ఉండదు, ఏ మెట్టు ఎప్పుడు నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో లాంటి వివరాలే ఉంటాయి. మన గమకానికి కీబోర్డు పక్కనున్న పిచ్ బెండ్ చక్రం తిప్పుతాం కదా, చక్రం ఎంత తిరిగిందో రాసుకుంటుంది గానీ అది ఎన్ని స్వరస్థానాలకు సమానమో ఆ తిప్పుడుతో పాటు రాయదు. మీ దగ్గరున్న వీణ శబ్దం పన్నెండు స్థానాల దాకా వంగేలా పెట్టారనుకోండి. శంకరాభరణంలో గాంధారం నుంచి పంచమానికి జారాలంటే మూడు స్థానాలు, చక్రం పావు వంతు తిప్పితే చాలు. అవతలి కంప్యూటర్లో అది మామూలుగా ఉండే రెండు స్థానాల దగ్గరే ఉందా, అదే పావు వంతుకి అర స్థానం కదులుతుంది. పంచమం మాట దేవుడెరుగు, మధ్యమం దాకా కూడా చేరదు. అందుకే గమకమున్న మిడీని మిడీగా పంపడం నాకు ససేమిరా నచ్చదు.

ఇక ప్లగిన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే వాయిద్యాలూ ఎఫెక్టులూ. మాక్‌లో వాడే ఆడియో యూనిట్లు విండోస్‌లో నడవవు. స్టైన్‌బర్గ్ వాళ్ళు 1996లో తెచ్చిన వీఎస్‌టీలు రెండు చోట్లా ఉంటాయి గానీ, అక్కడ మళ్ళీ వేసుకోవాలి, లైసెన్సూ కావాలి. లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు విండోస్‌లోనూ నడిచేది. 2002లో ఆపిల్ దాన్ని తయారుచేసే కంపెనీని కొనేసి విండోస్ వైపు తలుపు మూసేసింది. 2023లో బిట్‌విగ్, ప్రిసోనస్ కంపెనీలు కలిసి డాప్రాజెక్ట్ అని అన్ని సాఫ్ట్‌వేర్లకీ పనికొచ్చే ప్రాజెక్టు ఫైలు రూపం ఒకటి తెచ్చాయి. మంచి పనే, అందరూ ఒప్పుకోవాలిగా మరి.

అంతదాకా పాత పద్ధతే గట్టిది. ప్రతి ట్రాకునీ పాట మొదటి క్షణం నుంచీ వేవ్ ఫైలుగా బౌన్స్ చేయండి, అంటే వినపడేదంతా ధ్వని ఫైలుగా రాయించండి. వేణువు మూడో నిమిషంలో వచ్చేదైనా సరే, ముందున్న నిశ్శబ్దంతో సహా. చోటు తింటుంది, తిననీండి. అవతలివాడు అన్నిటినీ సున్నా దగ్గర పేర్చితే చాలు, ఎవరి తాళంలో వాళ్ళు కూర్చుంటారు. ఫైలు పేరులో టెంపో, శాంపిల్ రేటు రాయండి. పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే మాక్, విండోస్ రెండూ చదువుతాయి, రాస్తాయి.

పాత ప్రాజెక్టులు ఉన్నవాళ్ళు అవి చేసిన కంప్యూటర్ ఇంకా ఆన్ అవుతుండగానే ఈ పని చేసుకోండర్రా. ప్లగిన్ పోయాక బౌన్స్ చేద్దామన్నా కుదరదు.