మంచం మడిస్తేనే బీరువా తెరుచుకునే ఇల్లు

చిక్కడపల్లిలో మేం అద్దెకున్న గది పది బై పన్నెండు. దానికి తోకలా ఐదు బై ఆరు వంటిల్లు. స్నానాల గది మెట్ల కింద, పక్క పోర్షన్ వాళ్లతో ఉమ్మడి. పెళ్లిలో వచ్చిన ఇనుప బీరువా ఒక గోడకు, మడతమంచం ఎదుటి గోడకు. మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదు. తలుపు తెరవాలంటే మంచం మడవాలి, మంచం మడవాలంటే దాని మీద పడుకున్నవాడు లేవాలి. పడుకున్నవాణ్ని నేను. రాత్రి డ్యూటీ చేసి తెల్లవారుజామున మూడింటికి వచ్చి పడుకుంటే, ఎనిమిదింటికి మా ఆవిడ లేపేది, ఆఫీసుకు కట్టుకోవాల్సిన చీర బీరువాలో ఉందని. కొన్నాళ్లకు మర్నాటి చీర ముందు రాత్రే తీసి తలుపు వెనక మేకుకు తగిలించడం నేర్చుకుంది. అందులో ఆరేళ్లున్నాం.

‘టైనీ హౌస్’ వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఆ మేకు గుర్తొస్తుంది. అమెరికాలోనో న్యూజిలాండ్‌లోనో ఓ పచ్చిక బయలు, దాని మధ్య చెక్కతో చేసిన అగ్గిపెట్టంత ఇల్లు. గోడకు మడిచే బల్ల, మెట్ల కిందే సొరుగులు, నిచ్చెన ఎక్కితే పైన పరుపు. ఆ పైభాగాన్ని వాళ్లు లాఫ్ట్ అంటారు. మన భాషలో అటక. మనం ఊరగాయ జాడీలు, ఇత్తడి గుండిగలు, ఇక ఎప్పటికీ వాడమని తెలిసినా పారేయలేని ఉయ్యాల గొలుసులు పెట్టుకునే అటక మీద వాళ్లు కాపురం చేస్తున్నారన్నమాట. మోకాళ్ల నొప్పులు మొదలైన వయసులో అర్ధరాత్రి బాత్రూముకు ఆ నిచ్చెన దిగడం ఎలా ఉంటుందో వీడియోలో చూపించరు.

అమెరికాలో ఈ మోజుకు ఊపు తెచ్చినవాళ్లలో జే షేఫర్ ముఖ్యుడు. 1990ల చివర్లో మొదలుపెట్టి, 96 చదరపు అడుగుల ఇంట్లో ఉండి చూపించాడు. అంత చిన్న ఇంటికి అప్పట్లో అక్కడి నిబంధనలు ఒప్పుకునేవి కావు. కనీసం ఇంత విస్తీర్ణం ఉంటేనే ఇల్లనేవి. అందుకని ఇంటి కింద చక్రాలు పెట్టాడు. చక్రాలుంటే అది బండి, బండికి కనీస విస్తీర్ణం ఎవరూ అడగరు. కాకపోతే బండి ప్రత్యేక అనుమతి లేకుండా రోడ్డెక్కాలంటే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు, ఎత్తు పదమూడున్నర అడుగులు దాటకూడదు. చక్రాల టైనీ హౌస్‌లన్నీ రైలు పెట్టెల్లా సన్నగా, పొడుగ్గా ఉండటానికి ఇదే కారణం.

ఆ దేశంలో కొత్త ఇంటి మధ్యస్థ విస్తీర్ణం 1973లో 1,500 చదరపు అడుగుల పైచిలుకు ఉండేది, 2015 నాటికి 2,400 దాటింది. ఈ మధ్యలోనే 2008లో ఇంటి అప్పులు తీర్చలేక లక్షల మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. చిన్న ఇల్లు చాలనే మాట చెవికెక్కింది అప్పుడే. పదేళ్లకు నిబంధనలూ కాస్త మెత్తబడ్డాయి. అక్కడి ఇళ్ల నిర్మాణానికి నమూనాగా ఉండే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ 2018లో ఒక అనుబంధం చేర్చి, 400 చదరపు అడుగులు, అంతకు లోపు ఉన్నవాటికి విడిగా నిబంధనలు రాసింది. అయినా చక్రాల ఇంటి కష్టాలు చక్రాల ఇంటికున్నాయి. బండి కాబట్టి మామూలు గృహరుణం దొరకడం కష్టం, కారులాగే ఏటికేడు ధర తగ్గుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, దాన్ని నిలబెట్టడానికి ఎవరిదో స్థలం కావాలి.

అక్కడికి వెళ్లిన మనవాళ్లు మాత్రం డాలస్ శివార్లలో మూడు వేల అడుగుల ఇంటి వైపే చూస్తారు. అమ్మానాన్నా వచ్చి ఆర్నెల్లుంటారు, పురిటికి అత్తగారొస్తారు, సత్యనారాయణ వ్రతానికి నలభై మందిని పిలవాలి. దానికి వాళ్లను తప్పుపట్టలేను.

ఇరకటంలో సుఖం

‘ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం’ అని మనకో సామెత. ఆలి మాట పక్కన పెట్టండి, ఆ సామెత కట్టినవాడు ఆ ఇరుకులో ఒక్క పూటైనా పొయ్యి వెలిగించి ఉండడు. ఇల్లు ఇరకటమైతే సుఖాలు కూడా ఉన్నాయని ఆరేళ్ల అనుభవం మీద చెప్పగలను. ఊడ్చి తడిగుడ్డ పెట్టడం పావుగంట పని. ఒక ఫ్యాను, ఒక ట్యూబులైటు, కరెంటు బిల్లు చూసి ఎప్పుడూ ఉలిక్కిపడలేదు. ఆఫీసులు నడక దూరం. అదే అద్దెకు ఊరి చివర రెండు గదులు వచ్చేవి గానీ రోజుకు మూడు గంటలు సిటీ బస్సుకు సమర్పించుకోవాల్సి వచ్చేది. ఎగ్జిబిషన్లో ఏది ముచ్చటపడినా ‘ఎక్కడ పెడదాం?’ అనే ప్రశ్న ముందు పర్సు మూతపడేది. మొదటి పొదుపు ఖాతా ఆ గది పుణ్యమే.

పోట్లాటలు కూడా త్వరగా తేలిపోయేవి. అలక పాన్పు ఎక్కాలన్నా ముందు మంచం వేయాలి కదా.

అసలు పరీక్ష వంటిల్లే. వీడియోల్లో ఓ అమ్మాయి చిన్న పాన్ మీద రెండు గుడ్లు వేయించి, కప్పు కాఫీ పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటుంది. మన ఇంట్లో పులుసు కాగాలి, పప్పులోకి ఎండుమిరపకాయ, ఇంగువ పోపు చిటపటమనాలి. మా గదిలో పోపు వేస్తే ముందు పసివాడు తుమ్మేవాడు, తర్వాత నేను. రాత్రి దుప్పటి కప్పుకుంటే ఇంగువ వాసన. చేప తెచ్చిన ఆదివారం వాసన బుధవారం దాకా వదిలేది కాదు. వానాకాలంలో ఆరని బట్టలు గదిలో తాడు మీద, కింద కుక్కరు ఆవిరి, మా అందరి ఊపిరి. బీరువా వెనక గోడ నల్లబడి బూజు పట్టింది, సున్నం వేసినా మళ్లీ వచ్చింది. చెక్క ఇళ్ల అమెరికన్లకూ ఇదే బాధ, గాలి చొరబడకుండా కట్టిన చిన్న ఇంట్లో చెమ్మ బయటికి పోయే దారుండదు. చిన్న ఇల్లు కట్టుకునేవాళ్లకు నాదొక్క మాట. డబ్బు తక్కువపడితే టైల్స్ మానేయండి, వంటింటికి ఎదురెదురు కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాను మాత్రం మానకండి.

ఇక ఎండ. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంట్లో ఒకటే గదైతే అది 9.5 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 102 చదరపు అడుగులకు తగ్గకూడదు, పైకప్పు ఎత్తు 2.75 మీటర్లు, సుమారు తొమ్మిదడుగులు ఉండాలి. షేఫర్ ఇల్లు ఈ లెక్కన గది కిందికి కూడా రాదు. తొమ్మిదడుగుల ఎత్తు ఎందుకో మే నెలలో రేకుల గదిలో ఉన్నవాళ్లను అడగండి. హైదరాబాద్ చుట్టూ పొలాల్లో కంటైనర్ ఇళ్లు దించుతున్నారు. ఇరవై అడుగుల పెట్టె అంటే బయటి కొలతల్లో 160 చదరపు అడుగులు, ఎత్తు ఎనిమిదిన్నర. ఇనుప పెట్టె కాబట్టి లోపల వేడి ఆపే పఫ్ ప్యానెలో, రాక్‌వూలో వేయకపోతే పెనం మీద పడుకున్నట్టే. అవి వేస్తే ఉన్న ఏడున్నర అడుగుల లోపలి వెడల్పు ఇంకా తగ్గుతుంది.

కరీంనగర్ దగ్గర బొమ్మకల్‌కు చెందిన సివిల్ ఇంజినీరింగ్ చదివిన పేరాల మానస రెడ్డి 2021లో మురుగునీటికి వేసే పెద్ద సిమెంటు తూములో ఇల్లు అమర్చి చూపించింది. మంచం, వంటగట్టు, బాత్రూమ్ అన్నీ అందులోనే. హాంకాంగ్‌లో జేమ్స్ లా అనే ఆర్కిటెక్ట్ చేసిన ఓపాడ్ తరహా ఇది. తమిళనాడులో అరుణ్ ప్రభు అనే యువ ఆర్కిటెక్ట్ ఆటో మీద 36 చదరపు అడుగుల్లో ఇల్లు కట్టాడు. బుర్రలు గట్టివే, సందేహం లేదు. నిర్మాణ స్థలాల్లో కూలీలకు, వానల్లో ఇల్లు కూలినవాళ్లకు ఇలాంటివి అక్కరకొస్తాయి. కానీ నలుగురున్న కుటుంబం పదేళ్లు ఉండాల్సిన ఇల్లు వేరు.

సెంటు భూమి లెక్క

మన దగ్గర చిన్న ఇల్లు సరదా కోసం ఎంచుకున్నది కాదు, వాటాకొచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పేదలందరికీ ఇళ్లు పథకంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున పట్టాలిచ్చారు. ఇంటి విస్తీర్ణం 340 చదరపు అడుగులు. అమెరికా కోడ్ లెక్కన ప్రతిదీ టైనీ హౌసే. అక్కడి ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టిన ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగులు. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ పథకం ఇల్లు 560.

సెంటంటే 48.4 గజాలు, 435.6 చదరపు అడుగులు. అందులో 340 ఇల్లు పోతే మిగిలేది 95 అడుగుల చిల్లర, షేఫర్ ఇల్లంత జాగా! మెట్లు, మోటారు సైకిలు, నీళ్ల డ్రమ్ము, బట్టలుతికే బండ, తులసికోట, మంచాన పడ్డ ముసలాయన పగటిపూట కూర్చునే కుర్చీ, అన్నీ అందులోనే. ఈ కాలనీల మీద వాదన అంతా లోపలి 340 చుట్టూ నడిచింది గానీ బయటి 95 గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఫ్లాట్లలో ఆ 95 కూడా ఉండదు. కూరగాయల తోపుడు బండి నడిపే మనిషికి మూడో అంతస్తులో ఇల్లిస్తే బండి రాత్రి ఎక్కడ పెడుతుంది? మేక ఎక్కడ కట్టేస్తుంది? వడియాలు ఎక్కడ ఆరబోస్తుంది?

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు చూసినవాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. గుండ్రటి మట్టి గోడ, నేల దాకా వంగిన తాటాకు కప్పు. తుపాను గాలి పట్టు దొరక్క పక్కలకు జారిపోతుంది. లోపల వంగి తిరగాలి. కానీ ఆ ఇంట్లో ఉండేదెంతసేపు? వానకు, చలికి, నిద్రకు. వంట, ముచ్చట్లు, వల కుట్టుకోవడం, పిల్లల ఆటలు అంతా వాకిట్లోనే. 1845లో వాల్డెన్ చెరువు ఒడ్డున పది బై పదిహేను అడుగుల చెక్క ఇంట్లో ఉన్న అమెరికన్ రచయిత థోరో కూడా కాంకర్డ్ ఊళ్లోని తల్లిదండ్రుల ఇంటికి నడిచి వచ్చి పోతుండేవాడు. టైనీ హౌస్ వీడియోలో పచ్చిక బయలు చెరిపేసి చూడండి, మిగిలేది లారీ క్యాబిన్.

మా చిక్కడపల్లి గదికి డాబా ఉండేది. వేసవి రాత్రి నీళ్లు చల్లి చాపలు పరిచేవాళ్లం. మా అమ్మ సంక్రాంతికి వస్తే అరిసెల పిండి దంచడం అక్కడే. పసివాడు అక్కడే అడుగులు నేర్చాడు. చుట్టాలొస్తే మగవాళ్లకు పక్కలు అక్కడే. నాలుగో ఏడు ఎండాకాలంలో ఇంటాయన డాబా తలుపుకు తాళం వేశాడు, పిల్లలు ట్యాంకులో చెత్త వేస్తున్నారని. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడేమో, ఎంత అడిగినా ఇవ్వలేదు. అద్దె తగ్గలేదు, గది కొలత మారలేదు. కానీ ఆ వారంలోనే మంచానికి, బీరువాకు మధ్య నా కాలు మూడుసార్లు తగిలింది. అమ్మ తర్వాతి సంక్రాంతికి రెండు రోజులుండి వెళ్లిపోయింది. అంతకుముందు మేమున్నది నూట ఇరవై అడుగుల గదిలో అనే సంగతే తెలిసేది కాదు మాకు.

ఇంకో రెండేళ్లు ఎలాగో నెట్టుకొచ్చి ఇల్లు మారాం.

చిన్న ఇల్లు అద్దెకో, కొనడానికో చూడబోతే టేపు పట్టుకుని గోడలు తర్వాత కొలుద్దురు గానీ, పోపు పొగ ఎటు పోతుందో, తడి బట్టలు ఎక్కడ ఆరతాయో, డాబా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందు అడగండి.