పాత కంప్యూటర్‌లో మంచి పాట
సౌండ్ కార్డుకి చిన్న మరమ్మతు... చెవికీ జేబుకీ మేలు

క్యాంపు గదిలో స్పీకర్ పెట్టి పాట వినే వీలుండదు. ఒకరు నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకుని ఉంటారు, ఇంకొకరు ఇంటికి ఫోన్ మాట్లాడుతుంటారు. అందుకే గల్ఫ్‌లో మన పాటలన్నీ హెడ్‌ఫోన్‌లోనే. చాలా గదుల్లో నలుగురూ డబ్బులేసుకుని కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఒకటి ఇప్పటికీ ఉంటుంది. దానికి హెడ్‌ఫోన్ తగిలిస్తే ఏమవుతుంది? వెనకాల 'స్స్' అని రొద, మౌస్ కదిపితే గరగర, డప్పు కొడితే డబ్బా మోగినట్టు చప్పుడు. తప్పు పాటదీ కాదు, పాడినవాళ్ళదీ కాదు. చాలాసార్లు తప్పంతా సౌండ్ కార్డు బయటికి వచ్చే చివరి రెండంగుళాల దారిలో ఉంటుంది. ఆ దారిని బాగుచేసుకోవచ్చు.

నేను సివిల్ డిప్లొమా చదివి సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నవాణ్ణి, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ని కాను. మా సైట్ ఎలక్ట్రీషియన్ తమ్ముడూ నేనూ కలిసి రెండు పాత కార్డుల మీద చేసి చూసిన సంగతులే రాస్తున్నాను.

పాట నడిచే దారి

కంప్యూటర్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. సీడీ పాటకైతే సెకనుకి 44,100 సార్లు కొలిచిన అంకెలు. వాటిని కరెంటు అలగా మార్చే చిప్‌ని డీఏసీ అంటారు. అక్కణ్ణించి ఆ అల ఆప్‌-ఆంప్ అనే ఎనిమిది కాళ్ళ చిప్‌లోకి వెళ్ళి బలం పుంజుకుంటుంది. ఆ తర్వాత కెపాసిటర్ గుండా సాకెట్‌కి చేరుతుంది. మన ఊళ్ళో రేడియో మెకానిక్‌లు కండెన్సర్ అనేది దీన్నే. డీసీ వోల్టేజీ హెడ్‌ఫోన్‌లోకి పోకుండా ఆపి, పాటను మాత్రం వదలడం దాని పని.

అసలు చిక్కేమిటంటే, ఆ 'లైన్ అవుట్' సాకెట్‌ని ఆంప్లిఫయర్ ఉన్న స్పీకర్ల కోసం చేశారు. ఆ స్పీకర్లు కార్డు మీద 10,000 ఓమ్‌ల బరువే వేస్తాయి. హెడ్‌ఫోన్ 32 ఓమ్‌లే. ఓమ్‌లు తగ్గితే లాగే కరెంటు పెరుగుతుంది. కూలి ఒకడే, మూట మాత్రం ముప్పై రెట్లు కాదు, మూడొందల రెట్లు.

ముందు ఖర్చు లేని పనులు

సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు ఇవి చేసి చూడండి.

హెడ్‌ఫోన్‌ని కంప్యూటర్ ముందు సాకెట్‌లో కాకుండా వెనక, నేరుగా కార్డుకే పెట్టండి. ముందు సాకెట్‌కి వెళ్ళే సన్నని వైరు డబ్బా లోపలి రొదనంతా పట్టుకుంటుంది. సెట్టింగుల్లో మైక్, లైన్ ఇన్ వాడనప్పుడు మ్యూట్ చేయండి. గ్రాఫిక్స్ కార్డు పక్కన సౌండ్ కార్డు ఉంటే దూరంగా ఉన్న స్లాట్‌కి మార్చండి.

సౌండ్ బ్లాస్టర్ లైవ్ లాంటి పాత కార్డులు ఏ పాటనైనా లోపల 48,000కి మార్చేసేవి. ఆ మార్పు అంత శుభ్రంగా జరిగేది కాదు. ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లోనే 48,000కి మార్చి పంపితే పాట తేటగా వచ్చేది. చైన్‌టెక్ ఏవీ-710 అనే చవక కార్డులో ఇంకో కిటుకు ఉంది. అందులో మంచి రకం వోల్ఫ్‌సన్ డీఏసీ వెనక స్పీకర్ల సాకెట్‌కి మాత్రమే పెట్టారు. సాకెట్ మారిస్తే చాలు, రూపాయి ఖర్చు లేకుండా కార్డు మారినట్టే. మా గదిలో సగం రొద ఈ పనులతోనే పోయింది.

కెపాసిటర్ లెక్క

కెపాసిటర్ చిన్నదైతే తక్కువ స్థాయి ధ్వనులు, అంటే బేస్, దాటలేవు. ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడానికి సులువైన లెక్క ఉంది. 1,59,000ని హెడ్‌ఫోన్ ఓమ్‌లతోనూ కెపాసిటర్ మైక్రోఫారడ్‌లతోనూ భాగించండి. వచ్చేది హెర్ట్జ్‌లలో ఆ హద్దు. ఆ హద్దు దగ్గర శబ్దం శక్తి సగానికి పడిపోతుంది, దాని కింద ఇంకా తగ్గిపోతుంది.

32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి 10 మైక్రోఫారడ్‌లు ఉంటే హద్దు సుమారు 497 హెర్ట్జ్. పాటలో బేస్ దాదాపు ఉండదు. 100 ఉంటే సుమారు 50, 220 ఉంటే 23, 470 ఉంటే 11. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, మనిషి చెవి సుమారు 20 దాకా వింటుంది. కాబట్టి 220 నుంచి 470 మధ్య వేసుకుంటే సరిపోతుంది. అంతకు మించి పెద్దది వేసినా ఒరిగేది లేదు.

ఎడమకొకటి, కుడికొకటి, మార్చాల్సినవి రెండే. సాకెట్ నుంచి మల్టీమీటర్ బజర్‌తో వెతికితే దొరుకుతాయి. కొత్తదాని వోల్టేజీ పాతదానికి తగ్గకూడదు, వేడిని తట్టుకునే 105 డిగ్రీల రకం మంచిది. పాతది పీకితే బోర్డు మీది రాగి పొర లేచిపోతుందని భయముంటే పీకొద్దు. దాని మీదే ఇంకోటి జతచేయండి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్. పక్కపక్కన కలిపితే విలువలు కూడతాయి: 100కి 330 జతచేస్తే 430. మేం చేసింది ఇదే. డప్పు డప్పులా వినిపించింది.

ఆప్‌-ఆంప్ మార్చాలా?

పాత కార్డుల్లో 4558 అనే చవక చిప్ ఎక్కువ. దాని బదులు ఎన్‌ఈ5532, ఓపీఏ2134, ఎల్‌ఎం4562 వేస్తుంటారు. రెండు ఆప్‌-ఆంప్‌లు ఒకే చిప్‌లో ఉండే ఈ రకాలకు కాళ్ళ వరుస ఒకటే కాబట్టి సరిపోతాయి. 2009లో వచ్చిన ఆసుస్ జోనార్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్ కార్డులో ఈ చిప్‌లను సాకెట్లలోనే పెట్టారు. సోల్డరింగ్ లేకుండా పీకి మార్చుకోవచ్చు, హెడ్‌ఫోన్ కోసం విడిగా ఆంప్లిఫయర్ చిప్ కూడా ఉంది.

అయితే ఒక మాట. మిగతా దారి సరిగ్గా ఉంటే చిప్ మార్పు వల్ల చెవికి తెలిసే తేడా చాలా తక్కువ. ఖరీదైన వేగం గల చిప్‌ని పాత బోర్డు మీద వేస్తే, కరెంటు కాళ్ళ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ లేనప్పుడు, అది తనంతట తానే ఊగిపోయి వేడెక్కుతుంది. పైగా 5532, 2134 లాంటివి 600 ఓమ్‌ల బరువు కోసం చేసినవి, 32 ఓమ్‌లు వాటికీ భారమే. మరీ చవగ్గా వచ్చే చిప్‌లలో నకిలీలు ఎక్కువ. సెలవు మీద ఊరెళ్ళినప్పుడు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తెలిసిన దుకాణంలో కొనుక్కోవడం మేలు.

ఇవి మరవొద్దు

కంప్యూటర్ గదిలో అందరిదీ అయితే, తెరిచే ముందు అందరినీ అడగండి. ప్లగ్ పూర్తిగా పీకాకే డబ్బా తెరవండి. కార్డు పట్టుకునే ముందు డబ్బా లోపలి ఇనుముని ముట్టుకోండి, ఒంటి మీది స్టాటిక్ కరెంటు చిప్‌ని చంపుతుంది. పరుపుల మధ్య సోల్డరింగ్ వద్దు. వర్క్‌షాప్‌లో అనుమతి తీసుకుని చేయండి.

కెపాసిటర్ ప్లస్, మైనస్ తారుమారైతే పగిలిపోతుంది. "కెపాసిటర్ తీసేసి వైరు కలిపేస్తే ఇంకా మంచి సౌండ్" అని ఎవరైనా చెబితే వినొద్దు. చాలా కార్డుల్లో ఆ చోట డీసీ వోల్టేజీ నిలబడి ఉంటుంది, హెడ్‌ఫోన్ కాయిల్ కాలిపోతుంది. పని అయ్యాక సాకెట్ దగ్గర మల్టీమీటర్‌తో డీసీ కొలవండి. కొన్ని మిల్లీవోల్టులే ఉంటే ఫరవాలేదు. వందల్లో ఉంటే హెడ్‌ఫోన్ పెట్టకండి.

చెవి కోసం

మన చెవులు పగలంతా సైట్‌లో తింటూనే ఉంటాయి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం రోజుకి 8 గంటలు 85 డెసిబెల్స్ హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కి ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. కాంక్రీట్ బ్రేకర్ పక్కన నిలబడితే ఆ కోటా పొద్దున్నే అయిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హెడ్‌ఫోన్‌కి చెప్పే హద్దు వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు, 90లో అయితే 4 గంటలే.

రొద ఉన్నా, బేస్ లేకున్నా మనం చేసేది వాల్యూమ్ పెంచడమే. కార్డు శుభ్రపడితే తక్కువ వాల్యూమ్‌లోనే పాట నిండుగా వినిపిస్తుంది. చెవిని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ వాడితే గదిలో ఏసీ మోత కూడా తగ్గి, వాల్యూమ్ ఇంకా దించొచ్చు. ఈ పనిలో అసలు లాభం ఇదే. పోయిన వినికిడిని ఏ కెపాసిటరూ తిరిగి తేలేదు.

ఏది లాభం?

ఉన్న కార్డుని బాగుచేయడానికి రెండు కెపాసిటర్లు, ఒక గంట సమయం చాలు. దానికోసం కొత్తగా ఐరన్, మల్టీమీటర్ కొనాల్సి వస్తే మాత్రం లెక్క మారుతుంది. ఇప్పుడు వేలెడంత యూఎస్‌బీ డాంగిల్ ఒకటి కొంటే డీఏసీ, హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ రెండూ అందులోనే వస్తాయి, కంప్యూటర్ లోపలి రొదకి దూరంగానూ ఉంటాయి. ఫోన్‌కీ పనికొస్తుంది. పనిముట్లు, చేయి తిరిగిన తమ్ముడు గదిలోనే ఉంటే కార్డు తెరవండి. లేకపోతే డాంగిల్ కొనుక్కోండి. వందల దిర్హమ్‌ల కార్డు కోసం మాత్రం ఇంటికి పంపే డబ్బులో చేయి పెట్టకండి.